గ్రైండర్ షాఫ్ట్‌కి నేను చేసుకున్న ఇనప బుష్

మా షెడ్‌లో ఓ మూలకి 8 అంగుళాల బెంచ్ గ్రైండర్ ఉంది. అటో రాయి ఇటో రాయి, లేత్ (ఇనప ముక్కని తిప్పుతూ చెక్కే మెషిన్) టూల్స్, డ్రిల్ బిట్లు, ఉలులు అన్నీ దాని మీదే సాన పడతాం. హైదరాబాద్ బాలానగర్‌లో మాలాంటి చిన్న జాబ్ వర్క్ షెడ్ ఏదైనా చూడండి, ఇలాంటిదొకటి ఉంటుంది, పొద్దున్నించి రాత్రి దాకా ఎవరో ఒకరు దాని ముందు నిలబడే ఉంటారు, కానీ లేత్‌కి ఆయిల్ పోసినట్టు, ముక్కని పట్టే చక్ తుడిచినట్టు దాన్ని మాత్రం ఎవరూ చూసుకోరు. నేనూ చాలా ఏళ్ళు చూసుకోలేదు, చివరికి దాని షాఫ్ట్‌కీ రాయికీ మధ్య కూర్చునే బుష్, అంటే ఇనప గొట్టం ముక్క, సొంతంగా చేసుకోవాల్సి వచ్చింది.

ఎడం పక్కన కొత్తగా తెల్ల రాయి వేసిన దగ్గర్నుంచి గొడవ మొదలైంది. స్విచ్ వెయ్యగానే బెంచ్ మొత్తం గజగజ, పక్కన పెట్టిన టీ గ్లాసు మెల్లగా జరుక్కుంటూ అంచు దాకా వచ్చేస్తుంది. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్ ఆనిస్తే రాయి దాన్ని కోస్తున్నట్టు ఉండదు, కొడుతున్నట్టు ఉంటుంది, చేతికి టకటకా తెలుస్తుంది. టూల్ మొహం లైట్ కింద పెట్టి చూస్తే అలలు అలలుగా గీతలు, ఒక్క మొహం ఉండాల్సిన చోట నాలుగు మొహాలు. అలాంటి టూల్‌తో ఫినిష్ కట్ (నున్నగా రావడానికి చివర్లో వేసే సన్నటి కట్) వేస్తే జాబ్ మీద ఫినిష్ ఎక్కడ్నించి వస్తుంది. డ్రెస్సర్ పెట్టి రాయిని చదును చేసేవాణ్ణి, ఆ రోజుకి బాగుండేది, మధ్యలో కార్బైడ్ టూల్ వచ్చిందని తెల్ల రాయి తీసి ఆకుపచ్చ రాయి వేసి, మళ్ళీ తెల్లది ఎక్కిస్తే కథ మొదటికి వచ్చేది. మళ్ళీ డ్రెస్సింగ్. అలా చేసీ చేసీ కొత్త రాయి సగం సాన పట్టడానికి అయింది, సగం డ్రెస్సర్ కిందే దుమ్మయింది, అది చూస్తే నాకు నిజంగా కడుపు మండింది.

బేరింగులు పోయాయని అందరూ అన్నారు. నేనూ అదే అనుకుని స్పానర్లు తీసి మోటర్ విప్పబోతుంటే సాయంత్రాలు మా షెడ్‌కి వచ్చే పెద్దాయన ఆపారు. ఆయన కవాడిగూడ ప్రాగా టూల్స్‌లో పని చేసి రిటైర్ అయ్యారు. 1943లో మొదలైన ఫ్యాక్టరీ అది, టూల్ అండ్ కట్టర్ గ్రైండర్లు తయారు చేసిన చోటు, గ్రైండర్ గురించి ఆయన ఒక మాట అంటే నేను ఎదురు చెప్పను. "బేరింగ్ ఎందుకు విప్పుతున్నవ్ తమ్మీ, ముందుగాల రాయి తీసేసి నడిపి చూడు" అన్నారు. రెండు రాళ్ళూ తీసేసి ఆన్ చేశా. చప్పుడే లేదు, టీ గ్లాసులో నీళ్ళు కూడా కదల్లేదు. షాఫ్ట్ మీద డయల్ (సన్నటి తేడాని ముల్లుతో చూపించే గేజ్) పెట్టి చేత్తో తిప్పితే ముల్లు ఒక్క గీత, అంటే 0.01 ఎంఎం. లోపలి ఫ్లాంజ్ (రాయిని పక్క నుంచి నొక్కి పట్టే బిళ్ళ) మొహం మీద పెట్టి చూసినా పెద్ద తేడా లేదు. అంటే మోటర్ మంచిది, షాఫ్ట్ మంచిది, బేరింగ్ మంచిది. తప్పంతా రాయికీ షాఫ్ట్‌కీ మధ్య ఉన్న దాంట్లో ఉంది.

ఆ మధ్యలో ఉన్నది ప్లాస్టిక్ రింగులు. మన దగ్గర ఈ సైజు రాళ్ళకి బొక్క ఎక్కువగా 31.75 ఎంఎం వస్తుంది, అంటే ఇంచుంపావు. నా గ్రైండర్ షాఫ్ట్ ఐదు సూత్‌లు, అంటే 15.875. ఈ తేడా పూడ్చడానికి రాయితో పాటు ఒకదాంట్లో ఒకటి దూరే రింగులు ఇస్తారు, పెద్దది, దాంట్లో ఇంకోటి, దాంట్లో ఇంకోటి. ఒక్కో రింగు చూస్తే బాగానే ఉంటుంది కానీ ప్రతి రింగుకీ బయట కొంచెం లూజు, లోపల కొంచెం లూజు, అన్నీ కలిస్తే రాయి మధ్యకి కాకుండా ఎటో పక్కకి కూర్చుంటుంది. పైగా మెత్తటి ప్లాస్టిక్, బరువు పడ్డ వైపు నలుగుతుంది. విప్పి మళ్ళీ బిగిస్తే ఈసారి ఇంకో పక్కకి కూర్చుంటుంది. నేను డ్రెస్సర్‌తో చేసిందేమిటంటే పక్కకి కూర్చున్న రాయిని ఆ పక్కకి కూర్చున్నట్టే గుండ్రంగా చెక్కడం, రాయి మార్చగానే ఆ గుండ్రం పనికిరాకుండా పోవడం.

ఎంత పక్కకి ఉందో కూడా కొలిచా. రాయి మీద డయల్ ఆనించకూడదు, ఆ గరుకుకి డయల్ మొన పాడవుతుంది, అందుకే టూల్ రెస్ట్‌ని (టూల్ ఆనించే పలకని) రాయికి దగ్గరగా జరిపి, చేత్తో తిప్పుతూ మధ్య సందులో ఫీలర్ గేజ్ (మందం రాసి ఉండే సన్న రేకులు) పెట్టి చూశా. ఒక చోట 1.2, ఎదురు వైపు 1.8. తేడా 0.6, అంటే రాయి మధ్య షాఫ్ట్ మధ్య నుంచి 0.3 ఎంఎం జరిగి ఉంది. ఇంతేనా అనిపిస్తుంది, నాకూ అనిపించింది, కానీ లెక్క వేసి చూడండి. 200 ఎంఎం డయా, 25 మందం రాయి దాదాపు 1.8 కేజీలు ఉంటుంది, మోటర్ 2880 ఆర్‌పీఎం, అంటే సెకనుకి 48 చుట్లు. ఆ స్పీడులో 0.3 ఎంఎం పక్కకి ఉన్న రాయి షాఫ్ట్‌ని దాదాపు 5 కేజీల జోరుతో లాగుతుంది, అదీ సెకనుకి 48 సార్లు, ప్రతిసారీ దిక్కు మారుస్తూ. బెంచ్ ఊగదా మరి. ఇంకొన్నాళ్ళు అలాగే నడిపితే అందరూ అన్న బేరింగులు నిజంగానే పోయేవి.

లేత్ ఉన్న ఇంట్లో ప్లాస్టిక్ రింగులేంటని అప్పుడు సిగ్గేసింది. మాది నాలుగున్నర అడుగుల రాజ్‌కోట్ లేత్, జనాలకి రోజూ బుష్‌లు చేసిచ్చేది దాని మీదే. సరే అని అదే రాత్రి ఎంఎస్ (మామూలు మెత్త ఉక్కు) రౌండ్ ముక్క ఒకటి చక్‌కి పట్టి మొదలుపెట్టా. తొందరలో మొదటి బుష్ పాడు చేశా, ఎలా పాడైందో చెప్తా ఎందుకంటే ఈ పొరపాటు చాలామంది చేస్తారు. బయట టర్నింగ్ చేసి 31.70కి తెచ్చి, పార్టింగ్ కొట్టి, అంటే బార్ నుంచి కోసేసి, ముక్కని తిప్పి మళ్ళీ త్రీ జా (మూడు దవడల) చక్‌కి పట్టి అప్పుడు లోపల బోర్ చేశా. వెర్నియర్‌తో చూస్తే బయట కరెక్ట్, లోపల కరెక్ట్. షాఫ్ట్‌కి ఎక్కించి బుష్ మీద డయల్ పెడితే ముల్లు 0.12 తిరిగింది. రెండు సైజులూ కరెక్టే కానీ రెండింటి సెంటరూ ఒకటి కాదు. త్రీ జా చక్‌లో ఒకసారి విప్పిన ముక్క మళ్ళీ అదే చోట కూర్చోదు, ఎంత మంచి చక్ అయినా కొంత అవుట్, అంటే సెంటర్ తప్పడం, ఉంటుంది, నాదేమో చాలా ఏళ్ళు అరిగింది. ఆ బుష్‌ని పక్కన పడేశా. పెద్దాయన మర్నాడు దాన్ని చేతిలో తిప్పి చూసి ఏమీ అనలేదు, "ఒక్క పట్టుల చెయ్యి" అన్నారంతే.

ఒక్క పట్టు అంటే బయటా లోపలా రెండూ చక్ విప్పకుండా పూర్తి చేసి, చివర్లో మాత్రమే కోసెయ్యడం. అప్పుడు చక్ ఎంత అవుట్ ఉన్నా ఫర్వాలేదు, ఎందుకంటే రెండు మొహాలూ స్పిండిల్ సెంటర్ చుట్టూనే తయారవుతాయి.

రెండోసారి తొందరపడలేదు. ముందు షాఫ్ట్‌ని మైక్రోమీటర్‌తో మూడు చోట్ల కొలిచా, ఫ్లాంజ్ దగ్గర, మధ్యలో, నట్ మరల దగ్గర. 15.86, 15.86, 15.85. వెర్నియర్‌తో కొలవకండి ఇలాంటివి, వెర్నియర్ చెప్పే 0.02కీ మనకి కావాల్సిన 0.02కీ తేడా తెలియదు. ఐదు సూత్‌ల రీమర్ (బొక్కని కచ్చితమైన సైజుకి తెచ్చే టూల్) నా దగ్గర ఉంది, అది 15.88 బొక్క ఇస్తుంది, షాఫ్ట్ మీద 0.02 వదులు, అంటే ఆయిల్ రాసి తోస్తే మెత్తగా జారుతుంది, అటూ ఇటూ ఊపితే ఊగదు. సరిగ్గా అదే కావాలి.

ఈఎన్ ఎయిట్ అనే ఉక్కు బార్ ముక్క 38 ఎంఎంది స్క్రాప్‌లో దొరికింది, మూడు బుష్‌లకి సరిపోయేంత పొడవు ఉంది కానీ అంత పొడవు చక్ బయట ఉంచితే వణుకుతుంది కాబట్టి ఒక్కో బుష్‌కి సరిపోయినంతే బయటకి లాగి చేశా. అల్యూమినియంతో చెయ్యొచ్చు కదా, తేలిగ్గా ఉంటుంది, త్వరగా కోసుకుంటుంది అని మా తమ్ముడు అన్నాడు, చెయ్యొచ్చు, చాలామంది చేస్తారు. కానీ అల్యూమినియం వేడికి ఉక్కు కంటే దాదాపు రెట్టింపు పెరుగుతుంది, ఈ సైజులో 40 డిగ్రీలు వేడెక్కితే 0.03 ఎంఎం దాకా ఉబ్బుతుంది, రాయేమో అంత పెరగదు. రాయి లోపల బుష్ ఉబ్బితే ఏమవుతుందో కింద చెప్తా. అదీగాక రాళ్ళు మార్చినప్పుడల్లా ఉక్కు షాఫ్ట్ మీద జారుతుంటే అల్యూమినియం త్వరగా అరుగుతుంది. నాకు ఉక్కే నచ్చింది.

ఫేసింగ్ చేసి, అంటే ముక్క మొహం చదును చేసి, సెంటర్ డ్రిల్ వేసి, 10 డ్రిల్, తర్వాత 15 డ్రిల్. ఇక్కడ చాలామంది నేరుగా రీమర్ దింపేస్తారు. డ్రిల్ ఎప్పుడూ కొంచెం పక్కకి పోతుంది, రీమర్‌కి సొంత బుద్ధి ఉండదు, డ్రిల్ ఎటు పోతే అదీ అటే పోతుంది, సైజు బాగుంటుంది కానీ బొక్క వంకర అలాగే ఉంటుంది. అందుకే బొక్క లోపల కోసే బోరింగ్ బార్ పెట్టి రెండు సన్నటి కట్‌లతో 15.6కి తెచ్చా, ఆ కట్ బొక్కని మళ్ళీ సెంటర్‌కి తెస్తుంది. ఆ తర్వాత లేత్‌ని బాగా స్లో చేసి, బాగా ఆయిల్ పోసి రీమర్ దింపా, చివరిదాకా పోయాక తిరుగుతుండగానే మెల్లగా బయటికి తీశా, వెనక్కి మాత్రం తిప్పలేదు, తిప్పితే అంచులు పోతాయి. బొక్కలో వేలు పెడితే అద్దంలా తగిలింది.

ఇక బయటి సైజు. ఇక్కడే నాకు బాగా నచ్చిన పని ఉంది. రాయి బొక్క ఎంతో తెలియాలి కదా, 31.75 అని పైన రాసి ఉంటుంది కానీ అది మట్టి కలిపి కాల్చిన గరుకు గింజలతో చేసిన బొక్క, చోటుకో సైజు ఉంటుంది, వెర్నియర్ లోపలి మూతి పెట్టి రుద్దితే వెర్నియర్ అరుగుతుంది. అందుకని చక్‌లో ఉన్న ముక్క చివర ఓ 6 ఎంఎం పొడవు 31.70, దాని వెనక 6 ఎంఎం 31.80, దాని వెనక 31.90, ఇలా మెట్లు మెట్లుగా తీశా. లేత్ బెడ్ మీద పాత బనీను గుడ్డ మందంగా పరిచి (ఆ రాయి పొడి ఒక్క చిటికెడు బెడ్ మీద పడితే చాలు, లేత్‌నే సాన పట్టేస్తుంది) రాయిని తెచ్చి ఆ మెట్ల మీదకి మెల్లగా తోశా. మొదటి మెట్టు ఎక్కింది, రెండోది పట్టీ పట్టకుండా ఎక్కింది, మూడోదాని దగ్గర ఆగింది. అంటే రాయిలో అన్నిటికంటే బిగువు చోటు 31.80 పైన కొంచెం ఉంది. బుష్ బయటి సైజు 31.70 అని ఫిక్స్ చేసుకున్నా. మెట్లన్నీ చదును చేసి ఆ సైజుకి తెచ్చా, రెండంచులకీ చాంఫర్ కొట్టా, అంటే అంచు కొంచెం వాలుగా తీశా.

అంత కొలిచి మళ్ళీ పాయింట్ వన్ లూజు ఎందుకు వదిలావు, 31.80 చేస్తే ఇంకా కరెక్ట్‌గా కూర్చునేది కదా అని అడిగారు ఒకరు. ఇది చాలా ముఖ్యం. గ్రైండింగ్ రాయి ఇనుము కాదు, గాజు లాంటిది. బయటి నుంచి ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది, లోపలి నుంచి తోస్తే చీలిపోతుంది. బుష్‌ని సుత్తితో కొట్టి బిగువుగా ఎక్కిస్తే, అప్పుడు చీలకపోయినా, పనిలో షాఫ్ట్ వేడెక్కి బుష్ ఉబ్బినప్పుడు లోపల్నుంచి రాయిని తెరవడానికి చూస్తుంది. 200 రాయి 2880లో తిరుగుతుంటే దాని అంచు సెకనుకి 30 మీటర్లు పోతుంది, ఆ స్పీడులో రాయి చీలితే ముక్కలు ఎటు పోతాయో చెప్పలేం. పెద్దాయన చెప్పింది ఒకటే, "షాఫ్ట్‌కి టైట్, రాయికి లూజ్, ఉల్టా చెయ్యకు". రాయి చేత్తో తోస్తే తనంతట తాను ఎక్కాలి, ఎక్కకపోతే బుష్ ఇంకో కట్ తియ్యాలి, అంతేగానీ రాయిని బలవంతం చెయ్యకూడదు.

పొడవు కూడా అలాంటిదే. రాయి మందం 25 అని ఉంది, కొలిస్తే 25.2. బుష్ 24 పెట్టా. బుష్ రాయి కంటే ఒక్క వెంట్రుక పొడవున్నా ఫ్లాంజ్‌లు వచ్చి బుష్‌ని పట్టుకుంటాయి, నట్ బిగుసుకున్నట్టే ఉంటుంది, రాయి మాత్రం మధ్యలో వదులుగా తిరుగుతుంది. రాయిని పట్టుకోవాల్సింది ఫ్లాంజ్‌లు, బుష్ పని మధ్యలో నిలబెట్టడం వరకే. అందుకే పార్టింగ్ చేసిన మొహం అంత నున్నగా లేకపోయినా నేను పట్టించుకోలేదు, అది దేనికీ ఆనదు. అంచు గరుకు మాత్రం ఫైల్‌తో తీశా.

బుష్‌ని షాఫ్ట్ మీదకి తోస్తే గాలి నెట్టుకుంటూ మెల్లగా పోయింది, డయల్ పెడితే 0.02. మొన్నటి 0.12 గుర్తొచ్చి కాసేపు అలా తిప్పుతూనే కూర్చున్నా.

రాయి ఎక్కించే ముందు ఎప్పుడూ చేసేదే, బొక్కలో వేలు పెట్టి వేలాడదీసి, స్క్రూడ్రైవర్ చెక్క పిడితో అంచుకి కొంచెం లోపల నాలుగు చోట్ల తట్టి వినడం. మంచి రాయి ఖంగుమంటుంది, చీలిక ఉన్నది పగిలిన కుండలా మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికితే ఎంత కొత్తదైనా వాడొద్దు. రెండు పక్కలా అట్ట వాషర్ ఉండాలి, చాలామంది అది చింపేసి పారేస్తారు, అది కాగితం కాదు, ఫ్లాంజ్ ఒత్తిడిని రాయి మీద సమంగా పరిచేది అదే. ఫ్లాంజ్‌లు రెండూ ఒకే సైజు, రాయి డయాలో మూడో వంతు అయినా ఉండాలి, నావి 70 ఉన్నాయి. ఎడం పక్క నట్ ఉల్టా మర అని గుర్తుంచుకోండి, రాయి తిరిగే కొద్దీ వదులు కాకూడదని అలా పెడతారు, కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు దాన్ని విప్పబోయి ఇంకా బిగించేస్తుంటారు.

ఇంకో చిన్న పని చేశా, దీనికి పైసా ఖర్చు లేదు. వదిలిన ఆ 0.1 లూజులో రాయి ప్రతిసారీ ఒకే చోట కూర్చోవాలి కదా, అందుకని రాయి మీద పెన్సిల్‌తో ఒక బాణం, బుష్ మీద ఒక పంచ్ గుర్తు, షాఫ్ట్ చివర ఒక గుర్తు పెట్టుకున్నా. ఎక్కించేటప్పుడు మూడూ పైకి ఉండేలా పెడితే రాయి తన బరువుకి తానే కిందకి దిగి బుష్ పై భాగాన్ని ఆనుకుంటుంది, అప్పుడు నట్ బిగిస్తా. ఎన్నిసార్లు విప్పినా అదే చోటు.

గార్డ్ వేసి, పక్కకి నిలబడి ఆన్ చేసి ఒక నిమిషం అలా వదిలేశా. నీళ్ళ టీ గ్లాసు బెంచ్ మీదే ఉంది. స్టార్ట్ అయినప్పుడు ఒకసారి వణికింది, ఫుల్ స్పీడు అందుకున్నాక నీళ్ళ మీద సన్నటి గీతలు తప్ప ఏమీ లేవు. పాత డ్రెస్సింగ్ వంకర రాయి మీద ఇంకా ఉంది కదా, దాన్ని డైమండ్ డ్రెస్సర్‌తో ఒక్కసారి తీసేశా, ఆ గీతలు కూడా పోయాయి. టూల్ రెస్ట్‌ని రాయికి 3 ఎంఎం లోపు జరిపి బిగించి, అరంగుళం హెచ్ఎస్ఎస్ టూల్ ఒకటి ఆనించా. టకటక లేదు, ఒకటే ధారగా సర్రుమని చప్పుడు. తీసి లైట్ కింద చూస్తే అంచు నుంచి కింద దాకా ఒకటే మొహం, ఒక్క గీత అడ్డం లేదు. ఆ టూల్‌తోనే మర్నాడు ఒక పంప్ షాఫ్ట్ ఫినిష్ కట్ వేశా, కస్టమర్ వేలితో రాసి చూసి గ్రైండింగ్ చేయించారా అని అడిగాడు.

తర్వాత వారంలో తెల్ల రాయి తీసి ఆకుపచ్చది, అది తీసి తెల్లది, నాలుగుసార్లు మార్చా. గుర్తులు కలిపి బిగించడం, ఒక నిమిషం తిప్పి చూడటం, పని మొదలుపెట్టడం. డ్రెస్సర్‌ని రాయి గింజల మధ్య ఇనప పొడి పేరుకుని మూసుకుపోయినప్పుడు తప్ప ముట్టుకోలేదు. ఆకుపచ్చ రాయికి దాని బుష్ దానికే ఉంది, కుడి పక్క బూడిద రాయికి మూడోది నిన్ననే పూర్తి చేశా.

పక్క షెడ్ అన్న వచ్చి చూసి తన గ్రైండర్‌కీ రెండు కావాలన్నాడు. ఆయన షాఫ్ట్ కొలిస్తే ఎడం పక్క 15.71కి అరిగి ఉంది, ఏళ్ళ తరబడి లూజు రింగులు దాని మీదే తిరిగాయి. దానికి నా రీమర్ పనికిరాదు, బోరింగ్ బార్‌తోనే సైజుకి తేవాలి, చివరి పాయింట్ జీరో ఫైవ్ మాత్రం షాఫ్ట్ ముక్క లాంటి ప్లగ్ ఒకటి చేసుకుని దాంతో పట్టి చూస్తూ తియ్యాలి. ఆదివారం షెడ్ ఖాళీగా ఉంటుంది, పొద్దున్నే రమ్మన్నా, మైక్రోమీటర్ నాది ఉంది, రాళ్ళు మాత్రం రెండూ తెచ్చుకో అన్నా అని చెప్పా.